బుధవారం, శనివారం

పోయిన సెప్టెంబర్‌లో మన గర్ల్స్ హాస్టల్ సగం జ్వరాలతో పడుకున్న సంగతి ఇది చదివేవాళ్ళలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. మెస్‌లో పప్పు మిగిలిపోయేది, రసం మాత్రం చాలేది కాదు. ల్యాబ్‌కు పోతే ఒక వరుస మొత్తం ఖాళీ. ఆ వారం మా రూమ్‌కు రోజూ ఇద్దరు ముగ్గురు వచ్చి అడిగేవాళ్ళు, "మీ అమ్మ హెల్త్ డిపార్ట్‌మెంట్ కదా, ఆ ఫ్లూ ఇంజెక్షన్ ఎక్కడ వేస్తారో కనుక్కోవే" అని. డిపార్ట్‌మెంట్ అనేది పెద్ద మాట. మా అమ్మ నందికొట్కూరులో ఆశా వర్కర్. గవర్నమెంట్ లెక్కలో ఉద్యోగి కూడా కాదు, వాలంటీర్. జీతం అనరు, గౌరవ వేతనం అంటారు. 2019 నుంచి నెలకు 10,000.

అమ్మకు ఫోన్ చేసి అడిగాను.

"ఫ్లూ సూదా? అది మన లిస్టులో లేదు పాపా. బయట కొనుక్కోవాల. అది సరే గానీ, మీ హాస్టల్లో టీడీ ఏయించుకోనోళ్ళు ఎంతమంది ఉన్నారో అడుగు ముందు."

టీడీ అంటే ధనుర్వాతం, కంఠసర్పి రెండింటికీ కలిపి వేసే సూది. పదేళ్ళకు ఒకసారి, పదహారేళ్ళకు ఒకసారి వేస్తారు, పైసా ఖర్చు లేదు. గవర్నమెంట్ స్కూళ్ళలో అయితే టెన్త్ పిల్లలకు ఏఎన్‌ఎం వచ్చి వేసి పోతుంది. మనలాగా ఐఐటీ ఫౌండేషన్ అని, ఇంటర్ రెసిడెన్షియల్ అని గోడల మధ్య చదివినవాళ్ళకు ఆ సంవత్సరం ఎప్పుడు వచ్చి ఎప్పుడు పోయిందో తెలియదు. మా ఫ్లోర్‌లో అడిగితే చాలామంది "అమ్మకు తెలుసుంటుంది" అన్నారు. కార్డు ఎక్కడుందో ఒక్కరికి తెలుసు. ఆ అమ్మాయి వాళ్ళ నాన్న కాంపౌండర్.

ఫ్లూ సంగతి కూడా చెప్పేస్తాను, మళ్ళీ ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి. ఫ్లూ వైరస్ తన పైచొక్కా మారుస్తూ ఉంటుంది. అందుకే పోయిన ఏడాది సూది ఈ ఏడాదికి సరిపోకపోవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏటా ఫిబ్రవరిలో ఉత్తరార్ధ గోళానికి, సెప్టెంబర్‌లో దక్షిణార్ధ గోళానికి ఏ రకాలు పెట్టాలో చెబుతుంది, కంపెనీలు ఆ ప్రకారం తయారు చేస్తాయి. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌లాగా ఏడాదికి రెండు రిలీజులు అనుకోండి. మన దేశంలో ఫ్లూ చలికాలం చివర్లో ఒకసారి, వానలప్పుడు ఒకసారి లేస్తుంది. సూది పనిచేయడానికి రెండు వారాలు పడుతుంది కాబట్టి, ఫ్లోర్ అంతా దగ్గుతున్నప్పుడు పరిగెత్తి వేయించుకుంటే పెద్దగా కలిసిరాదు. పెద్దవాళ్ళు, గర్భిణులు, ఆస్తమా, షుగర్ ఉన్నవాళ్ళు వానలకు ముందే డాక్టర్‌ను అడిగి వేయించుకోవడం మంచిది. ఇందులో నాకు భలే నచ్చిన విషయం ఒకటుంది. ఫ్లూ బి లో 'యమగట' అనే రకం 2020 మార్చి తర్వాత ప్రపంచంలో ఎక్కడా కచ్చితంగా కనబడలేదు. మనం మాస్కులు పెట్టుకుని ఇళ్ళలో కూర్చున్న కాలంలో దానికి దారి దొరక్క పోయినట్టుంది. అందుకని నాలుగు రకాల టీకా మళ్ళీ మూడు రకాలకు వచ్చింది.

ఇంక అసలు విషయం. మన క్లబ్ వాళ్ళు "మా ఊరు" మీద రాయమన్నప్పుడు నందికొట్కూరు గురించి ఏం రాయాలా అని చూశాను. కేసీ కెనాల్ ఉంది. ఎండాకాలం శ్రీశైలం నీళ్ళు తగ్గితే బయటపడే సంగమేశ్వరం గుడి మాకు దగ్గరే. పటేల్ సెంటర్లో సాయంత్రం మిరపకాయ బజ్జీలు ఉంటాయి. 2022 ఏప్రిల్ 4 దాకా మాది కర్నూలు జిల్లా, ఆ రోజు నుంచి నంద్యాల జిల్లా. జిల్లా మారినా ఒళ్ళు బాగా లేకపోతే జనం ఎక్కేది కర్నూలు బస్సే, పెద్దాసుపత్రికి. ఇవన్నీ నాకంటే బాగా రాసేవాళ్ళు ఉన్నారు. నాకు బాగా తెలిసింది బుధవారం, శనివారం. మా రాష్ట్రంలో పిల్లలకు సూదులు వేసే రోజులు అవి. మా ఇంట్లో ఆ రెండు రోజులు ఉప్మా తప్ప ఇంకో టిఫిన్ ఉండదు.

చిన్నప్పుడు ఆ రోజుల్లో అమ్మ వెనక అంగన్‌వాడీకి పోయి కూర్చునేదాన్ని. అక్కడ నా కన్నంతా నీలం డబ్బా మీద ఉండేది. దాన్ని వ్యాక్సిన్ క్యారియర్ అంటారు. ఆసుపత్రిలో వ్యాక్సిన్లను ఐఎల్‌ఆర్ అనే ఫ్రిజ్‌లో పెడతారు. దాని గోడల్లోనే ఐసు ఉంటుంది, కరెంటు పోయినా చాలాసేపు చల్లదనం నిలుస్తుంది. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. అక్కడి నుంచి మా కాలనీ దాకా ఆ డబ్బాలో నాలుగు ఐస్ ప్యాకుల మధ్య వస్తాయి. ఏప్రిల్, మే నెలల్లో మా వైపు 42 డిగ్రీలు ఎండ కాస్తుంటే ఆ డబ్బా లోపల మాత్రం ఊటీ.

వేడికి పాడవుతాయని అందరికీ తెలుసు. గడ్డకడితే కూడా పాడవుతాయని నాకు అమ్మతో పనిచేసే ఏఎన్‌ఎం అక్క చెప్పింది. పెంటావాలెంట్, డీపీటీ, టీడీ లాంటివి ఒక్కసారి గడ్డకట్టాయంటే, తర్వాత కరిగి మామూలుగా కనబడినా పనికిరావు. అందుకే డీప్ ఫ్రీజర్‌లోంచి తీసిన ఐస్ ప్యాకులను వెంటనే డబ్బాలో పెట్టరు. కాసేపు బయట ఉంచి, చెమట పట్టాక, చెవి దగ్గర పెట్టుకుని ఊపి, లోపల నీళ్ళు కదిలిన చప్పుడు వినబడితే అప్పుడు పెడతారు. ఆ అక్క పొద్దున్నే ఐస్ ప్యాకును చెవికి ఆనించుకుని ఊపుతుంటే ఫోన్ మాట్లాడుతోంది అనుకునేదాన్ని.

ఇంకొకటి, సీసా మీద చిన్న గుండ్రటి బొమ్మ ఉంటుంది. దాని మధ్యలో తెల్లటి చదరం. వేడి తగిలేకొద్దీ ఆ చదరం ముదురుతూ వస్తుంది. చుట్టూ ఉన్న వలయం రంగుకు వచ్చిందంటే ఆ సీసా పారేయాల్సిందే. సెన్సార్ లేదు, బ్యాటరీ లేదు, ఇంటర్నెట్ లేదు. సీసా పుట్టినప్పటి నుంచి ఎంత ఎండ తిన్నదో తనే లెక్క రాసుకుంటుంది. సెకండ్ ఇయర్‌లో మేం ఐఓటీ ప్రాజెక్టు అని టెంపరేచర్ సెన్సార్‌కు మూడు వైర్లు తగిలించి నానా తిప్పలు పడుతున్నప్పుడు నాకు ఆ చదరమే గుర్తొచ్చేది.

నేను పుట్టిన ఏడాది 2006. మా బ్యాచ్ వాళ్ళ చేతుల మీద ఈ దేశపు టీకాల చరిత్ర కొంచెం కొంచెం ఉంది. చిన్నప్పుడు పోలియో ఆదివారాలు. 2011 జనవరిలో హౌరాలో వచ్చిన కేసు తర్వాత మన దేశంలో మామూలు పోలియో వైరస్ కేసు రాలేదు, 2014 మార్చి 27న పోలియో పోయిందని సర్టిఫికెట్ వచ్చింది. అంటే మనం వేలికి గుర్తు పెట్టించుకుని తిరిగిన రోజుల్లోనే అది పోయింది. 2017 ఆగస్టులో ఆరో తరగతిలో ఉండగా మీజిల్స్ రుబెల్లా క్యాంపెయిన్. తొమ్మిది నెలల పిల్లల నుంచి పదిహేనేళ్ళ లోపు వాళ్ళందరికీ ఒక సూది, ముందు వేయించుకున్నా సరే మళ్ళీ. మా క్లాసులో ఆ రోజు చాలా బెంచీలు ఖాళీ. వాట్సాప్‌లో ఏదో తిరిగింది. నేను పోక తప్పలేదు, ఆశా వర్కర్ కూతురు డుమ్మా కొడితే ఊరంతా నవ్వుతుంది. తర్వాత 2022 జనవరి, టెన్త్‌లో కోవాగ్జిన్.

దానికి ముందు ఏడాది అమ్మది. 2020 ఏప్రిల్‌లో రాష్ట్రంలో కర్నూలు జిల్లాలోనే కేసులు ఎక్కువ. మా ఊరి పేరు టీవీలో చూడటం నాకు అదే మొదటిసారి, చూడకుండా ఉంటే బాగుండు అనిపించిన వార్త కూడా అదే. అమ్మ ఇంటింటికీ సర్వేకు పోయి వచ్చి, పెరట్లోనే స్నానం చేసి, చీర వేడినీళ్ళలో వేసి, ఆ తర్వాత ఇంట్లోకి వచ్చేది. మాకు ముద్ద కూడా దూరం నుంచే పెట్టేది. 2021 జనవరి 16న దేశమంతా టీకా మొదలైంది, ముందు ఆరోగ్య సిబ్బందికి. అమ్మ పేరు కూడా వచ్చింది. జేజి ఆ రోజు అన్నం తినలేదు. "ముందు నీకే ఎందుకు? డాక్టర్లు ఏయించుకోని, ఆ పైన చూద్దాం" అని ఒకటే గొడవ. అమ్మ పోయి వేయించుకుని వచ్చింది, రాత్రికి జ్వరం వచ్చింది, పొద్దున్నే లేచి పనికి పోయింది. తర్వాత నెలల్లో కాలనీ వాళ్ళు మాకొద్దు అన్నప్పుడు అమ్మ ఏ పాంప్లెట్ చూపించలేదు. "నేను ఏయించుకున్యా కదా, సచ్చిన్నా?" అని అడిగేది. ఆ ప్రశ్నకు ఎదురు జవాబు ఉండదు.

నేను ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం. తెలుగులో టైప్ చేయడం నాకు నేర్పింది అమ్మ కాలనీ వాట్సాప్ గ్రూపే. అమ్మ చెబుతుంటే నేను కొట్టేదాన్ని. పైనుంచి వచ్చే మెసేజ్‌లో "సార్వత్రిక వ్యాధి నిరోధక టీకాల కార్యక్రమంలో భాగంగా" అని ఉంటుంది. అమ్మ దాన్ని చూసి, "ఇది ఎవరికి పాపా?" అని, "రేపు బుధవారం. బిడ్డలకు సూదులు. కార్డు మర్చిపోవద్దు. అన్నం తిని రండి" అని కొట్టమనేది. మా గ్రూపులో రూల్ ఏమంటే మెసేజ్ నాలుగు ముక్కలు దాటకూడదు. చదవని వాళ్ళకు వాయిస్ మెసేజ్. ముస్లిం వీధిలో వాళ్ళకు అమ్మకు వచ్చిన ఉర్దూలో. ఆ ఉర్దూ విని వాళ్ళు నవ్వుతారు, నవ్వుకుంటూనే వస్తారు.

ఇంక మొన్న సంక్రాంతి సంగతి. దీని కోసమే ఇదంతా మొదలుపెట్టాను.

పండగ సెలవులకు ఇంటికి పోతే అమ్మ డ్యూ లిస్టు నా చేతికి ఇచ్చింది. డ్యూ లిస్టు అంటే వచ్చే సెషన్‌కు ఏ బిడ్డకు ఏ సూది పడాలో రాసుకునే కాగితం. ఇప్పుడు యాప్ కూడా ఉంది, యూ-విన్ అని. అయినా అమ్మ నమ్మకం కాగితం మీదే. పండగ రోజుల్లో మాకు ఇంకో లెక్క ఉంటుంది, ఎవరు ఊర్లో ఉంటారు, ఎవరు సుగ్గికి పోతారు అని. సుగ్గి అంటే మా జిల్లాల వాళ్ళకు చెప్పక్కర్లేదు. మిగతావాళ్ళ కోసం చెబుతున్నా. ఇక్కడ పనులు అయిపోయాక గుంటూరు వైపు మిరపకాయ కోతలకు కుటుంబాలకు కుటుంబాలు పోవడం. పొయ్యి గిన్నెలు, బియ్యం, దుప్పట్లు, పిల్లోళ్ళు అంతా ఒకే బండిలో. ఉగాదికి గానీ తిరిగి రారు. ఆదోని, కోసిగి వైపు ఊర్లకు ఊర్లు ఖాళీ అవుతాయని అందరికీ తెలుసు. కాలువ నీళ్ళున్న మా వైపు అంత లేదు, కానీ భూమి లేనివాళ్ళకు కాలువ ఉంటే ఏంటి, లేకపోతే ఏంటి. మా కాలనీ నుంచి ఏటా కొన్ని ఇళ్ళు పోతాయి.

అట్లా పోయే ఇళ్ళలో ఒకదాంట్లో ఒక పాప ఉంది. జనవరి 27కు తొమ్మిది నెలలు నిండుతాయి. ఆ రోజు తర్వాత వచ్చే మొదటి సెషన్‌లో తట్టుకు, రుబెల్లాకు వేసే ఎంఆర్ సూది పడాలి. వాళ్ళ బండి కనుమ మర్నాడు తెల్లారి నాలుగింటికి. మధ్యలో పది రోజులు.

"పది రోజులే కదమ్మా, ఇప్పుడే వేసేస్తే పోదా?" అన్నాను. నాకు అది సింపుల్ లాజిక్. అమ్మ ఏఎన్‌ఎం అక్కకు ఫోన్ కలిపి నాకే ఇచ్చింది, నువ్వే అడుక్కో అని. ఆ అక్క ఓపిగ్గా చెప్పింది. బిడ్డ కడుపులో ఉన్నప్పుడు తల్లి రక్తం నుంచి కొంత రక్షణ బిడ్డకు వస్తుంది. పుట్టాక కొన్ని నెలలు అది ఉండి, మెల్లగా తగ్గుతుంది. అది ఉన్నంతసేపు టీకాలోని బలహీనమైన వైరస్‌ను కూడా అదే పట్టి చంపేస్తుంది, బిడ్డ ఒంటికి పాఠం అందదు. అందుకే మన దగ్గర తొమ్మిది నెలలు నిండాలని గీత గీశారు. తట్టు బాగా రేగిన చోట ముందే ఒక డోసు అదనంగా వేయమంటారు గానీ, మామూలప్పుడు కుదరదు. "పది రోజులకేమవుతుందని నువ్వంటావు, ఇంకొకరు ఇరవై అంటారు, గీత యాడుంటుంది పాపా?" అంది.

ఈ పాప గురించి నాకెందుకు అంత పట్టిందో చెప్పాలంటే కొంచెం మన సబ్జెక్టులోకి రావాలి. తట్టు చాలా గట్టి జబ్బు. రక్షణ లేని జనంలో ఒక్కరి నుంచి 12 నుంచి 18 మందికి అంటుకుంటుందని లెక్క. రోగి గది వదిలి పోయాక రెండు గంటల దాకా ఆ గాలిలో వైరస్ ఉండొచ్చు. అందుకే నూటికి 95 మందికి టీకా పడితేనే అది ఆగుతుంది అంటారు. గ్రాఫ్ థియరీలో చెప్పాలంటే, టీకా వేసుకున్న ప్రతి బిడ్డా గ్రాఫ్‌లోంచి తీసేసిన ఒక నోడ్. తగినన్ని నోడ్లు తీసేస్తే గ్రాఫ్ ముక్కలైపోతుంది, వైరస్ చేసే బీఎఫ్‌ఎస్ రెండడుగులు వేసి ఆగిపోతుంది. ఇక్కడిదాకా మనకు క్లాసులో వచ్చేదే. చిక్కు ఎక్కడంటే, ఆ 95 అనేది సగటు. మిగిలిన ఐదుగురు ఊరంతా చెదిరి ఉంటే పర్వాలేదు. ఆ ఐదుగురూ ఒకే పరదా గుడిసెలో పక్కపక్కన పడుకుంటే? సుగ్గికి పోయే పిల్లలు సరిగ్గా అట్లే ఉంటారు. నాలుగైదు ఊర్ల నుంచి వచ్చిన, ఏదో ఒక సూది తప్పిన పిల్లలంతా ఒకే చేను గట్టు మీద. జిల్లా రిపోర్టులో నంబర్ పచ్చగానే కనబడుతుంది. 2022 చివర్లో ముంబైలో తట్టు లేచింది కూడా ఇట్లాంటి ఇరుకు బస్తీల్లోనే.

జేజికి ఈ లెక్కలేవీ అక్కర్లేదు. జేజి ఎడమ చేతి మీద రెండు గుండ్రటి మచ్చలున్నాయి, మశూచి టీకావి. ఇంటింటికీ తిరిగి చేతిని పట్టుకుని గుండ్రటి ముల్లుల బిళ్ళ తిప్పి వేసేవాళ్ళట. పిల్లలు గడ్డివాముల వెనక దాక్కునేవాళ్ళట. మశూచి మన దేశంలో 1975తో ఆగిపోయింది, 1980లో ప్రపంచంలోనే లేదని ప్రకటించారు. తట్టుకు మాత్రం ఆ రోజుల్లో ఏ సూదీ లేదు. మన దేశంలో పిల్లలందరికీ అది 1985లో మొదలైన కార్యక్రమంతో వచ్చింది. జేజి తమ్ముడు అంతకు ఎన్నో ఏళ్ళ ముందే పోయాడు. ఆ సంగతి జేజి ఎప్పుడూ పూర్తిగా చెప్పదు. "తట్టు పోసింది. గుమ్మానికి యాపాకు కట్టినారు. సుంకులమ్మకు మొక్కినారు. మూడో దినం దగ్గు పట్టింది" అని ఆపేస్తుంది. తట్టు వచ్చిన పిల్లలను తీసుకుపోయేది చాలాసార్లు దాని వెనక వచ్చే న్యుమోనియా అని నేను తర్వాత చదివాను. జేజి ఇప్పటికీ సుంకులమ్మకు మొక్కుతుంది. బుధవారం పొద్దున అమ్మకు ఉప్మా చేసేది కూడా జేజే.

కనుమ సాయంత్రం అమ్మా నేను ఆ పాప వాళ్ళింటికి పోయాం. మూటలు కట్టి వాకిట్లో పెట్టి ఉన్నాయి. పాప ఒక మూట మీద కూర్చుని చిక్కుడు కాయ కొరుకుతోంది. అమ్మ వాళ్ళను ఆపాలని చూడలేదు. నేను చూస్తుందేమో అనుకున్నా. అప్పు తీర్చాల్సిన ఇంటికి పోయి పది రోజులు ఆగమంటే అది మాట కాదు అని తర్వాత చెప్పింది. అమ్మ చేసింది ఏమంటే, కార్డు తీసుకుని ఖాళీ గడిలో పెన్సిల్‌తో తేదీ రాసింది, కార్డును ప్లాస్టిక్ కవర్‌లో పెట్టింది, ఆ కవర్‌ను బియ్యం మూటలో పెట్టించింది. బట్టల మూట అయితే తడుస్తుంది, పోతుంది. బియ్యం మూట రోజూ విప్పుతారు.

"ఆడ ఏ ఊర్లోనైనా బుధవారం, శనివారం ఏస్తారు. ఈ కార్డు యాడైనా చెల్లుతుంది. దుడ్లు అడగరు. అడిగితే నాకు ఫోన్ చెయ్యి" అంది.

పాప వాళ్ళ నాయన, "దినం పోతాది అక్కా. కిలోల లెక్క కూలి" అన్నాడు.

"ఒక్క పూట. ఆ పూట కూలి ఎంతో చెప్పు, ఉగాదికి వచ్చినప్పుడు నేనిస్తా."

"వద్దులేక్కా" అని నవ్వాడు. అడగడు. అడిగినా అమ్మ దగ్గర ఉండదు, అది వాళ్ళకూ తెలుసు. మేస్త్రీ నంబర్ కూడా రాసుకున్నాం.

జనవరి 27 పోయింది. నేను హాస్టల్‌కు వచ్చేశాను. అమ్మ రెండు బుధవారాలు ఫోన్ చేసింది, రీచార్జ్ లేదు, పోలేదు. మేస్త్రీకి చేస్తే చేన్లో ఉన్నారు, చెప్తాలే అన్నాడు. ఫిబ్రవరి రెండో వారం, నాకు ఇంటర్నల్స్ జరుగుతున్నాయి, రాత్రి తొమ్మిదిన్నరకు అమ్మ కాల్. గొంతులోనే తెలిసిపోయింది.

పాపకు జ్వరం, ఒళ్ళంతా ఎర్రగా పేలింది.

మేస్త్రీ ఫోన్ నుంచి పాప వాళ్ళమ్మ చేసిందట. అమ్మ ఆ పిల్లతో ఏమేం అడిగిందో నాకు వరసగా చెప్పింది. దగ్గు ఉందా? ముక్కు కారుతోందా? కళ్ళు ఎర్రబడ్డాయా? పేలడం మొహం మీద మొదలైందా, ఒంటి మీదా? పాలు తాగుతోందా? దగ్గు లేదు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, కానీ మిరప చేన్లో ఎవరి కళ్ళు ఎర్రగా ఉండవు? పేలడం మెడ దగ్గర, వీపు మీద. "తట్టు కాదనే అనుకుంటాండా పాపా. నేననుకుంటే సరిపోదు కదా. వాళ్ళకు ఆడ ఆసుపత్రి యాడుందో తెలీదంట. నువ్వు చూడు."

మేస్త్రీని లొకేషన్ పంపమన్నాను. ఎట్లా పంపాలో చెప్పడానికి పది నిమిషాలు పట్టింది. గుంటూరు అవతల ప్రత్తిపాడు వైపు, మ్యాప్‌లో చుట్టూ చేన్లు తప్ప ఏమీ లేని చోట చుక్క. దగ్గర్లో ఉన్న ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వెతికాను, రోడ్డు చూశాను, ఆటోలు ఎక్కడి నుంచి దొరుకుతాయో మేస్త్రీనే అడిగి తెలుసుకున్నాను. రాత్రికి బిడ్డ ఊపిరి ఎగపోసినా, పాలు మానేసినా, పిలిచినా పలకకపోయినా పొద్దుటి దాకా ఆగొద్దు, 108కి చేయమని అమ్మ వాళ్ళకు రెండు సార్లు చెప్పించింది. ఆ రాత్రి నేను డీబీఎంఎస్ చదివానని చెప్పలేను. నార్మలైజేషన్ పేజీ తెరిచి ఉంది, అంతే.

పొద్దున్నే పోయారు. అక్కడి డాక్టర్ చూసి తట్టు కాదన్నారు. ఎండకు, దుమ్ముకు, కారం ఘాటుకు పేలింది, జ్వరం వేరే. మందు ఇచ్చారు. బియ్యం మూటలోంచి తీసిన కార్డు పాప వాళ్ళమ్మ చేతిలో ఉంది. అక్కడి ఏఎన్‌ఎం దాన్ని తీసుకుని చూసి, పెన్సిల్ తేదీ చూసి, "ఇది దాటిపోయింది కదమ్మా, జ్వరం తగ్గినాక వచ్చే బుధవారం రా" అందట. నిజానికి చిన్న జ్వరానికి టీకా ఆపాల్సిన పని లేదని మా అమ్మ వాదన. కానీ ఆ బిడ్డను కళ్ళతో చూసింది ఆమె కాబట్టి అమ్మ ఏమీ అనలేదు. వాళ్ళు మళ్ళీ పోతారని నేను అనుకోలేదు. ఇంకో పూట కూలి. అమ్మ మాత్రం ఆ మంగళవారం రాత్రి మేస్త్రీకి ఫోన్ చేసి, "తమ్ముడా, రేపు పంపించు" అంది. బుధవారం పొద్దున ఆరింటికి మళ్ళీ చేసింది.

ఈ పనిలో నాకు విసుగొచ్చేది అదే. ఇంత ఫోన్లు, ఇంత తిరుగుడు, చివరికి ఏమీ జరగదు. తట్టు రాలేదు అనేది ఏ రిపోర్టులో రాస్తారు? గడిలో ఒక టిక్ పడుతుంది. మా ప్రాజెక్టు రివ్యూలో అయితే "అవుట్‌పుట్ ఏదమ్మా?" అంటారు.

ఉగాదికి నేను ఇంటికి పోయేసరికి వాళ్ళు వచ్చి ఉన్నారు. పాప గోడ పట్టుకుని నిలబడుతోంది, నన్ను చూసి ఏడ్చింది. వాళ్ళమ్మ వేళ్ళు ఇంకా మండుతూనే ఉన్నాయంట, మజ్జిగ గిన్నెలో ముంచుకుని కూర్చుంది. అమ్మ కార్డు అడిగింది. కవర్ మీద కారం దుమ్ము, బియ్యం పిండి. లోపల ఎంఆర్ గడిలో పెన్సిల్ గీత పక్కన నీలం పెన్నుతో తేదీ, సంతకం. మిగతా గడులన్నీ మా ఏఎన్‌ఎం అక్క గుండ్రటి అక్షరాలు, ఈ ఒక్కటి మాత్రం పొడుగ్గా, పక్కకు వాలిన చేతిరాత. అమ్మ దాన్ని వెలుతురులోకి తిప్పి రెండు సార్లు చదివి, తన రిజిస్టర్‌లో ఎక్కించుకుంది.

"ఇంగ రెండోది పదహారు నెలలకు. డీపీటీ బూస్టర్ గూడా అప్పుడే. ఆగస్టు ఆఖరు" అని మళ్ళీ పెన్సిల్ తీసింది. "ఆగస్టులో ఊర్లోనే ఉంటారు కదా?"

"వానలు పడితే ఉంటాం" అంది పాప వాళ్ళమ్మ.